ఫ్లారెన్స్ గుళ్ళో అమ్మ జొన్నలు

ఇటలీలో ఫ్లారెన్స్ పైన కొండల్లోకి మా లారీలు ఎక్కేసరికి నవంబరు నెల. వాన. బురద చక్రం సగం దాకా. రెండో ప్రపంచ యుద్ధంలో నేను పట్టాళం లారీ డ్రైవర్ని. పైకి గుండ్లు, కిందికి దెబ్బలు తగిలినోళ్ళు. పొద్దున నాలుగింటికి బయల్దేరితే మధ్యాన్నం రెండుకి తిరిగొచ్చేవాళ్ళం.

నా కిట్టు సంచిలో ఒక మూట. అందులో సోలెడు జొన్నలు. నవ్వమాకండి. నకరికల్లు పక్కన మా ఊళ్ళో అమ్మ సంగటికి ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు జొన్నలు దేవుడికని తీసి కుండలో వేసి, ఆదివారం చర్చిలో పోసేది. నేను పట్టాళానికి పోయేనాడు ఆ కుండ నా మూటలో వొంపింది.

"క్రిస్మస్‌కి ఏ దేశంలో ఉంటే ఆ దేశం గుళ్ళో పెట్టు నాయనా. నువ్వు ప్రాణంతో రావాలని మొక్కుకున్నా. మధ్యలో తిన్నావంటే మొక్కు పాడైద్ది."

మా మెకానిక్ సత్తెనపల్లి సాయిబు. రోజూ ఒకటే గోల. "బావా, రాయి మీద నూరి రెండు రొట్టెలు కాలుద్దాం. బిస్కెట్లు తిని నాలిక చచ్చింది."

నేను ససేమిరా అన్నా.

క్రిస్మస్ పొద్దున ఆఫీసరు నాలుగు గంటలు సెలవిచ్చాడు. నేనూ సాయిబూ ఫ్లారెన్స్ పెద్ద చర్చికి పోయాం. ఆ గోపురం కింద మా ఊరు ఊరంతా పట్టుద్ది. లోపల కూడా చలికి నోట్లోంచి పొగలే. జనం కిక్కిరిసి ఉన్నారు. భాష ఒక్క ముక్క తెలియదు గానీ, ఒక పాట రాగం మా చర్చిలో పాడేదే. గొంతెత్తి తెలుగులో పాడా. ముందు వరసోళ్ళు తిరిగి చూసి నవ్వారు. చానా సంతోషమేసింది.

కానుకల సంచి వచ్చింది, పొడుగు కర్రకి కట్టి. నా మూట అందులో పట్టలా. కర్ర పట్టుకున్నాయన తల అడ్డంగా ఊపి ముందుకు పోయాడు. తెల్లారితే మళ్ళీ కొండెక్కాలి. మొక్కు తీరకుండా ఎట్టా ఎక్కేది?

"బావా, పక్కన చూడు," అన్నాడు మెకానిక్.

ఒక ముసలామె. బుగ్గలు లోపలికి పోయినయ్. మూట వంకే చూస్తంది.

"మా మసీదు కాడైనా ఇట్టాంటోళ్ళకే గదా పెట్టేది," అన్నాడు.

మూట విప్పా. ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ రెండు చేతులా పట్టింది. పోశా. నా నుదుట వేలితో సిలువ గీసింది.

యుద్ధం అయిపోయినాక నరసరావుపేటలో రైలు దిగి ఇంటికి పోయా. మంచినీళ్ళన్నా ఇవ్వకముందే అడిగింది అమ్మ. "గుళ్ళో పెట్టావా?"

"గుళ్ళోనే. సంచిలో పట్టలేదమ్మా. ఆకలితో ఉన్న ఒక ముసలామె వొళ్ళో పోశా."

"వండుకోనుంటదా?"

"వండుకోనే ఉంటది."

"అయితే చేరినట్టే," అని నవ్వింది.

ఆ గోపురం ఎట్టుండేదో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. కళ్ళ ముందు నిలిచింది ఒకటే: పోసేటప్పుడు కింద జారిపడ్డ జొన్నల కోసం ఆ ముసలామె పాలరాతి మీద మోకాళ్ళేసింది. ఆమె పక్కనే, రొట్టెలు కాలుద్దామన్న మా సాయిబు కూడా మోకాళ్ళేసి, ఒక్కో గింజా ఏరి ఆమె గుడ్డలో వేస్తన్నాడు.