నేను విప్పిన అతుకు

మా నాయన మగ్గం గుంజకు వేలాడుతుండిన లంగరు తాడు దానంతటది విడిపోలేదు. నేను విప్పాను. ఎమ్మిగనూరులో మా వీధివాళ్లు ఇప్పటికీ వేరేలా అనుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

మా చిన్నాయన కొడుకు నాకంటే ఏడేళ్లు చిన్న. చలిదేశాల సముద్రంలో, నీళ్లమీద తేలుతూ కరెంటు పుట్టించే గాలిమరలను కదలకుండా నిలబెట్టే పని వాడిది. లోతులో లంగరు దింపి, ఓడతో లాగి చూసి, అది పట్టు వదలదని తేలాక దానికీ గాలిమరకూ మధ్య తాళ్లు బిగిస్తారు. ఆ తాళ్ల కొసలు వంచి, పేటలను తిరిగి తాడులోకే దూర్చి అల్లి, గొలుసు తగిలించే కన్ను చేయడంలో వాడికి పేరుంది.

ఆ పనితనం మా నాయన దగ్గర వచ్చిందే. పాత పడుగు అయిపోవస్తే కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వాడి అతుకు వేలికి తగలదనేవాడు నాయన. నాది తెగేది. నేను మగ్గం వదిలి ఆదోనిలో బట్టల కొట్లో చేరాను.

పోయినసారి వచ్చినప్పుడు వాడు తాను కన్ను అల్లిన తాడు ముక్క, మణికట్టంత లావుది, నాయనకు తెచ్చిచ్చాడు. నాయన దాన్ని గుంజకు తగిలించి, వచ్చినవాళ్లందరి చేతా తడిమించాడు. నేను ఏటా కొని తెచ్చే పంచెలను ఆయన ఒక్కనాడూ అట్లా తడమలేదు.

ఎదురింటాయన నన్ను చూసి నవ్వాడు. "తుంగభద్రలో మోకాటిలోతు దిగనోడు సముద్రంలో గాలిమర కట్టేసినాడు. నువ్వేం కడతాండావప్పా ఆదోనిలో?"

"సీరల మూటలు" అని నాయనే జవాబిచ్చాడు.

వాడు తిరిగి పోయిన వారం, ఆదివారంనాడు నాయన మంత్రాలయం పోయాడు. గోనెలు కుట్టే దబ్బనం తీసుకుని తాడు ముందు కూర్చున్నాను. పేటలు ఒక పట్టాన రాలేదు. గోళ్ల కింద నెత్తురొచ్చింది. అంతా విప్పి, మళ్లీ గుంజకే వేలాడదీశాను.

నాయన వచ్చి చూసి, దానంతటదే విడిపోయిందనుకున్నాడు. ఫోన్లో వాడితో ఒక్క మాట అన్నాడు: "నీ అతుకు నిలబడలేదప్పా."

మా ఇళ్లలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. పక్కనే ఉన్న నాకు హాయిగా అనిపించింది. అదీ రాయాలి.

వారం తర్వాత వాడు నాకు ఫోన్ చేశాడు. తాను అల్లిన తాళ్లన్నీ మళ్లీ పరీక్షించమని తానే పైవాళ్లతో చెప్పాడట. అది తేలేదాకా తాళ్ల జోలికి పోకుండా గొలుసులు కడుగుతున్నాడట. "నా సేతుల మీద నాకే నమ్మకం పోయిందన్నా" అన్నాడు.

విప్పింది నేనేనని చెప్పేశాను. 

"ఎంతసేపు పట్టిందన్నా?"

"మధ్యాన్నమంతా."

"దేంతో?"

"దబ్బనంతో."

ఊపిరి వదిలాడు. "అయితే బాగానే అల్లినాను" అన్నాడు. "ఆ మాట పెద్దనాయనకు నువ్వే సెప్పు."

చెప్పాను. నాయన మగ్గం గుంతలోంచి లేచి, గుంజకున్న తాడు తీసి నా ఒళ్లో వేసి, మళ్లీ పోయి నేతకు కూర్చున్నాడు. పేటలు ఎట్లా దూర్చాలో నాకు తెలియదు. దబ్బనం తెచ్చుకుని మొదటి పేట పట్టుకున్నాను.