పటేలు మోటారుకు మంచినీళ్ళు

ఆ రోజు పొద్దున ఇస్రాయేలు మోటారు కోసం మోసిన నీళ్ళు నాలుగు డబ్బాలు. ఒకటి అప్పటికప్పుడు ఇంజను ముందరి తొట్టిలో పోశాడు. మిగతా మూడూ దారిలో అక్కరకొస్తాయని బండి వెనక తాళ్ళతో కట్టాడు. దేవరకొండకు పోయి తిరిగి మర్రిగూడ చేరేసరికి మూడూ అయిపోయాయి. పెట్రోలు మాత్రం సగం డబ్బాకు మించి కాలలేదు.

"ఒరే ఇస్రాయేలు, గిది పెట్రోలుతోని నడుస్తాందా, నీళ్ళతోని నడుస్తాందా?" అని కృష్ణయ్య పటేలు బండి దిగుతూ అడిగాడు. నవ్వుతూ అడగలేదు.

అది 1939 ఎండాకాలం. కంది, పత్తి పండించే కృష్ణయ్య ఇంట్లో అప్పటిదాకా ఉన్నది రెండెడ్ల సవారి బండి. వరసగా రెండేళ్ళు పంట చేతికొచ్చిన ధైర్యంతో ఆయన పట్నం పోయి నల్లటి కొత్త మోటారు కొన్నాడు. కొన్నాక తెలిసింది, చుట్టుపక్కల పది ఊళ్ళలో దాన్ని తోలగలిగినవాడు ఇస్రాయేలు ఒక్కడేనని. ఇస్రాయేలుకు ముప్ఫై నాలుగేళ్ళు. తండ్రి జీవితమంతా పటేళ్ళ చేలల్లో జీతం ఉన్నాడు. కొడుకు మాత్రం పదిహేనో ఏట ఒక మిషను దవాఖానలో ఊడ్చే పనికి కుదిరి, డాక్టరమ్మ కారు తుడుస్తూ తుడుస్తూ తోలడం నేర్చుకున్నాడు. ఆమె ఇంగ్లీషు సీమకు తిరిగిపోతూ ఇచ్చిన ఖాకీ కోటును ఎంత ఎండలోనూ విప్పడు. ఆ కోటు మీద ఉన్నంతసేపు ఊళ్ళో ఆయన్ని 'జీతగాని కొడుకు' అనరు, 'డ్రైవర్' అంటారు.

కొత్త మోటారులో తప్పులు పట్టే పని పటేలు తల్లి నర్సింగమ్మది. డెబ్బై ఏళ్ళ మనిషి, చూపూ మాటా రెండూ చురుకే. సీట్లు తోలువని మొదటిరోజే తెలుసుకొని వాటి మీద గొంగడి పరిపించింది. గొంగడి తోలు మీద జారుతుంది. దానితోపాటు మనుషులూ జారుతారు. ప్రతి మలుపులోనూ అత్తా కోడళ్ళిద్దరూ ఒకే తలుపుకు వచ్చి తగిలేవారు. తమలపాకుల సంచి పెట్టుకునే జాగా లేదని ఆమె దాన్ని తలుపు పిడికి తగిలిస్తే, ఆ బరువుకు తలుపు దానంతట అదే తెరుచుకునేది. ఆడవాళ్ళకూ డ్రైవరుకూ మధ్య పూల పరదా కట్టారు. ఇక ఇస్రాయేలు వెనక వచ్చే బండి కోసం అద్దంలో చూస్తే కనబడేవి గులాబీ పూలు.

అన్నిటికన్నా చెప్పుల సంగతి పెద్దది. సవారి బండిలో జంపఖానా పరిచి ఉంటుంది, చెప్పులు విడిచి ఎక్కాలి. విడిచిన చెప్పులు పట్టుకొని బండి వెనక ఒక మనిషి నడిచి వచ్చేవాడు. మోటారు వచ్చాక కూడా ఇంటిల్లిపాదీ వాకిట్లో చెప్పులు విడిచి ఎక్కారు. మోటారు వెనక ఎవడు నడుస్తాడు? మొదటి ప్రయాణంలో మాల్ అనే ఊరి దాకా పోయి దిగితే ఒక్కరి కాళ్ళకూ చెప్పులు లేవు. రెండోసారీ అంతే. అలవాటైన కాలు తలుపు దగ్గరికి రాగానే దానంతట అదే చెప్పు విడుస్తుంది.

ఇవన్నీ చెప్పుకొని నవ్వుకునేవి. నవ్వు రానిది ఒక్కటే. మోటారు పది మైళ్ళకోసారి ఉడికిపోయి, ముందునుంచి ఆవిరి చిమ్ముతూ నడిరోడ్డు మీద నిలబడుతుంది.

దేవరకొండ నుంచి వచ్చిన ఆ సాయంత్రం కృష్ణయ్య ఆఖరు మాట చెప్పాడు. "శుక్రారం పాలమూర్ల మా చెల్లె యాదమ్మ కొత్తింట్ల పాలు పొంగిచ్చుడు. పది గంటలకు ముహూర్తం. ఆమె మరిది పట్నం నుంచి ఒక డ్రైవర్ను పిలిపిస్తున్నడు. బండి దారిల ఆగకుండ పోతే నువ్వే ఉంటవు. ఆగితే, తాళం గాయనకిచ్చి నువ్వు ఇంటికి పో. మల్ల నా ముంగల నిలబడి ఏం చెప్పకు."

"మంచిది పటేలా," అన్నాడు ఇస్రాయేలు. డాక్టరమ్మ కారు పన్నెండేళ్ళు చూశాడు. అది ఒక్కనాడూ ఉడకలేదు.

ఇంటికి పోయి కూర్చుంటే భార్య సైదమ్మ జొన్న గటకా, కందిపప్పూ పెట్టింది. పప్పు పంటికింద పలుకుపలుకుగా తగిలింది.

"ఏందే, గులకరాళ్ళు వండినవా?"

"రాళ్ళయితే ఎప్పుడో ఉడికేటియి," అంది సైదమ్మ. "ఊరి బాయి కాడ పొద్దంత నిలబడ్డ. ఎవ్వలు పొయ్యలే. మన బాయి నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టిన. రెండు మోపుల కట్టెలు కాలినయ్ గని అది మెత్తవడలే."

మర్రిగూడలో తాగే నీళ్ళకు రెండు బావులు. ఊరి నడుమ ఉన్నది మంచినీళ్ళది. ఇస్రాయేలు వాళ్ళ వాడలోది ఉప్పుది. మంచినీళ్ళ బావి గట్టు వాడవాళ్ళు ఎక్కరాదు. బిందె కింద పెట్టి దూరంగా నిలబడితే, తోడుకునేవాళ్ళలో ఎవరికైనా మనసైతే పై నుంచి పోస్తారు. లేకపోతే లేదు.

సైదమ్మ పప్పుకుండను దీపం దగ్గరికి వంచి గంటెతో గీకింది. అంచు చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి చార. "సూడు, నెల కింద కొన్న కుండ. మన నీళ్ళకు గిట్లయింది."

ఇస్రాయేలు తినడం ఆపి ఆ చార వంకే చూశాడు. పొద్దున మోటారు నీళ్ళ తొట్టి మూత విప్పినప్పుడు దాని అంచున చూసినదీ అదే తెలుపు. నలభై రోజులుగా తను పోస్తున్నదీ ఈ నీళ్ళే. దవాఖాన ఆవరణలో మంచి బావి ఉండేది కనుక అక్కడ ఈ సంగతి తెలిసే అవసరం రాలేదు.

"మోటరుకు గీ నీళ్ళే పోస్తున్ననే."

సైదమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత నవ్వాపుకోలేకపోయింది. "పప్పు ఉడకని నీళ్ళల్ల నీ మోటరు మాత్రం మంచిగ ఉడుకుతాంది! పొయి పటేలుకు చెప్పు మరి."

"ఏమని? నీ బాయి నీళ్ళు నాకు తోడియ్యమనాల్నా?"

"నీకెందుకు? ఆళ్ళ మోటరుకు ఆళ్ళ నీళ్ళు."

"మోటరు పేరు చెప్పి ఇస్రాయేలు బాయి మీద కన్నేసిండంటరు. నౌకరీ పోతే పోయింది, ఊర్ల ఉండాలె గద మనం."

సైదమ్మ మరి నవ్వలేదు. ఇస్రాయేలు పలుకుపప్పే నమిలి మింగి లేచాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా మోటారు బయలుదేరింది. ముందు కృష్ణయ్య. పరదా వెనక నర్సింగమ్మ, కోడలు సుగుణమ్మ. నర్సింగమ్మ ఒళ్ళో కొత్త కంచుగిన్నె ఉంది. ఆడపిల్ల కొత్తింట్లో పుట్టింటివాళ్ళు తెచ్చిన గిన్నెలోనే పాలు పొంగించడం వాళ్ళ ఆనవాయితీ. గిన్నె చేరితేనే పొయ్యి వెలుగుతుంది. బండి వెనక ఉప్పునీళ్ళ డబ్బాలు ఆరు.

కల్వకుర్తి దాటేసరికి నాలుగు డబ్బాలు అయ్యాయి. జడ్చర్ల ఇంకా ఆరు మైళ్ళు ఉందనగా ఆరోదీ అయింది. ఆ తరవాత అర మైలు నడిచి, మోటారు బుస్సుమని నిలబడింది. కృష్ణయ్య జేబు గడియారం తీసి చూశాడు. ఎనిమిదిన్నర. గడియారం జేబులో పెట్టుకొని ఇస్రాయేలు వైపు చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి."

ఇస్రాయేలు తాళం ఇచ్చాడు. ఇచ్చి, తల గుడ్డతో మూత పట్టి విప్పాడు. ఆవిరి తాటిచెట్టంత ఎత్తు లేచింది.

వెనక తలుపు తెరుచుకుంది. గిన్నె చంకన పెట్టుకొని నర్సింగమ్మ దిగింది. "పాలేమో పాలమూర్ల పొంగాలె. గీడ మోటరు పొంగుతాంది," అంటూ ముందుకొచ్చి, రోడ్డు గట్టు మీద ఇస్రాయేలు పెట్టిన మూతను తిరగేసి చూసింది. గోటితో గీకింది. గోటికి తెల్లటి పొలుసు వచ్చింది.

"ఒరే, గిది మా తానం నీళ్ళ కాగుకు పట్టే సున్నం లెక్కనే ఉన్నది గదరా. ఏ బాయి నీళ్ళు పోస్తున్నవు?"

"మా బాయియే అవ్వా."

"ఉప్పుబాయియా? మోటరుకు ఉప్పునీళ్ళు పోస్తరారా ఎవలన్న! ఊర్ల మంచినీళ్ళు లెవ్వా?"

ఇస్రాయేలు నేల చూస్తూ, "ఉన్నయవ్వా. మేం తోడొద్దు గద," అన్నాడు.

నర్సింగమ్మ గోటికంటిన పొలుసును కొంగుకు తుడుచుకుంది. కృష్ణయ్య తాళం చేతిలో తిప్పుకుంటూ రోడ్డు పక్క చింతచెట్లను చూశాడు. నలభై రోజులు, ఒక ఇల్లు, ఒక మోటారు. ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

"మరి ఇన్నొద్దులు నోట్ల ఏం పెట్టుకున్నవు? చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తనవ్వా?"

ఆమె చుట్టూ చూసింది. నలభై అడుగుల దూరంలో ఒక ఊరి బావి ఉంది. గిరకకు చేంతాడు, బొక్కెన ఉన్నాయి. మనుషులెవరూ లేరు. నర్సింగమ్మ పోయి బొక్కెనలో మిగిలిన నీళ్ళు పుక్కిలించి ఊసింది. "మంచియే. కొబ్బరినీళ్ళ లెక్కున్నయ్. ఒరే కిష్టయ్యా, ఇటు రా. తోడు."

"నేనా?"

"మరెవలు? వాడు తోడొద్దు. మన ఊరు గాదు, ఎవలన్న చూస్తే లొల్లి. నీ పెండ్లాం పరదా పట్టుకొని కూసున్నది. ఇగ డెబ్బై ఏండ్ల దాన్ని నేను తోడాల్నా?"

కృష్ణయ్య పుట్టి బుద్ధెరిగాక చేంతాడు పట్టుకున్నవాడు కాదు. పైగా ఆ రోజు కూడా చెప్పులు మర్రిగూడ వాకిట్లోనే ఉన్నాయి. ఎండకు కాలిన బావి గట్టు మీద పటేలు ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ తోడాడు. మొదటి బొక్కెన సగం దారిలో ఒలికింది. రెండోది ఆయన పంచె మీద పడింది. మూడోది పైకి వచ్చింది.

"గిరక దిక్కు చూడకురా, బొక్కెన దిక్కు చూడు," అని తల్లి నీడలో నిలబడి చెప్పింది. "అబ్బ, ఎంత మంచిగ తోడుతున్నవు బిడ్డా! చిన్నప్పుడే నేర్పితే ఇంట్ల ఒక మనిషి కూలి తగ్గేది."

ఇస్రాయేలు గట్టు కింద డబ్బాలు పెట్టి పట్టుకున్నాడు. నవ్వు రాకుండా దవడ బిగించుకొని పట్టుకున్నాడు. ఇంజను చల్లారనిచ్చి, కింది బిరడా తీసి పాత నీళ్ళు వదిలేశాడు. మజ్జిగ రంగులో పారాయి. కొత్త నీళ్ళు నిండా పోసి, రెండు డబ్బాలు వెనక కట్టి నిలబడ్డాడు. కృష్ణయ్య తడిసిన పంచెతో వచ్చి, అరచేతులు చూసుకుంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. తాళం సీటు మీద పెట్టాడు. ఇస్రాయేలు దాన్ని తీసుకున్నాడు.

జడ్చర్లలో ఆగలేదు. తరవాతా ఆగలేదు. పాలమూరులో యాదమ్మ గడపలో నిలబడి రోడ్డు వంకే చూస్తోంది. కంచుగిన్నె పొయ్యి మీదికెక్కేసరికి పది కావడానికి ఏడు నిమిషాలుంది. పాలు పొంగాయి. చెప్పులు లేకుండా వచ్చిన పుట్టింటివాళ్ళను చూసి, దేవుని పనికి ఎంత భక్తితో వచ్చారోనని యాదమ్మ అత్తగారు మెచ్చుకుంది. వాళ్ళెవరూ కాదనలేదు.

అరుగు మీద నెత్తిన టోపీ, కాళ్ళకు బూట్లతో ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. "పటేలా, గీయననే మీకు చెప్పిన డ్రైవర్," అన్నాడు యాదమ్మ మరిది.

కృష్ణయ్య అరచేతుల బొబ్బలు వెనక్కి దాచుకొని తల్లి వంక చూశాడు.

"ఆయనకు మంచిగ భోజనం పెట్టుండ్రి. పట్నం బస్సెక్కియ్యిండ్రి," అంది నర్సింగమ్మ. "మాకు డ్రైవర్ ఉన్నడు. నీళ్ళే మంచియి లెవ్వు."

ఊరికి వచ్చిన మర్నాడు ఆమె చింతపండు నానబెట్టించి, రసం మోటారు తొట్టిలో పోయించింది. ఇంట్లో కాగు తోమేదీ దానితోనే. రాత్రంతా ఉంచి వదిలితే గిన్నెడు సున్నప్పొలుసు పడింది. ఇంట్లో నీళ్ళు మోసే జంగమ్మకు కొత్త పని చెప్పారు. పొద్దున్నే మంచినీళ్ళ బావి నుంచి రెండు బిందెలు తెచ్చి మోటారు కొట్టం దగ్గర ఇస్రాయేలు డబ్బాల్లో పొయ్యాలి.

"మనుషులకు మోస్తే చాలదని మోటరుకు గూడ మొయ్యాల్నా? ఇగ దీనికి తానం గూడ పొయ్యమంటరు!" అని జంగమ్మ వారం రోజులు సణిగింది. మోసింది.

ఉడకని మోటారుకు నీళ్ళెందుకు? రోజుకు చెంబెడు పోస్తే చాలు. మిగిలినవి సాయంత్రం డబ్బాతో సహా వాడకు పోయేవి. సైదమ్మ ఇంట్లో పప్పు ఒక మోపు కట్టెకే ఉడకసాగింది.

పదిహేను రోజుల తరవాత నర్సింగమ్మ కర్ర పొడుచుకుంటూ కొట్టంలోకి వచ్చింది. మోటారును చూసింది. ఖాళీ డబ్బాలను చూసింది.

"బండి ఉడుకుతాందా ఇంక?"

"లేదవ్వా."

"నీళ్ళు చాల్తున్నయా మరి?"

ఇస్రాయేలు కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు. "చాల్తున్నయవ్వా."

ఆమె కర్రతో ఒక ఖాళీ డబ్బాను తట్టి, "తోలు సీటు ఇంక జారుతనే ఉన్నది, దాని సంగతి చూడు," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున జంగమ్మ కొట్టానికి మోసిన బిందెలు మూడు.