అన్నను చిన్నాయన చేసిన పుస్తకం

నా మొదటి కథల పుస్తకం అచ్చుకు పోవాల్సిన రోజు మధ్యాహ్నం మా అన్న ఫోను చేశాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. అప్పుడు నేను బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో నర్సమ్మగా పనిచేస్తున్నాను. పొద్దున పిల్లలకు టీకాలు, గర్భిణులకు మాత్రలు, మధ్యాహ్నం రిపోర్టులు. మిగిలిన పొద్దులో కథలు రాసుకునేదాన్ని. ఒకటో రెండో పత్రికల్లో వచ్చాయి గానీ పుస్తకంగా వేస్తామన్నవాళ్లు ఎవరూ లేరు. నా పుస్తకం నేనే వేసుకుందామని అనంతపురంలో ఒక డీటీపీ సెంటరును పట్టుకున్నాను.

ఆ సెంటరు నడిపే భాయ్ నాకంటే పదేళ్లు పెద్ద. ఒకప్పుడు సీసపు అక్షరాలు చేత్తో ఏరి పేర్చిన మనిషి, ఆ ప్రెస్సులు మూతపడ్డాక కంప్యూటరు నేర్చుకున్నాడు. నేను బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికి పోయి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ప్రూఫులు దిద్దుకునేదాన్ని. నాకు ఫోను లేదు గనుక పుస్తకావిష్కరణ కార్డు మీద ఆయన నంబరే వేయించాను. అందుకే అన్న ఫోను అక్కడికి వచ్చింది. గార్లదిన్నె దగ్గర మా ఊరి నుంచి, ఎస్టీడీ బూతులో నిలబడి మాట్లాడుతున్నాడు.

"పాపా, ఆదివారం నేనూ వస్తాండా. పుస్తకంలోది సదివి వినిపిస్తారంట గదా. ముందర కూర్చుంటా" అన్నాడు.

సరే అన్నాను. ఫోను పెట్టేసి, ప్రూఫు కాగితాలు మళ్లీ మొదటి కథకు తిప్పాను.

ఎందుకో చెప్పాలి. పుస్తకంలో మొదటి కథ మా ఇంటిదే. నాయన చిన్నతనంలోనే పోయాడు. ఇల్లంతా అన్న మీద పడింది. ఒక కరువు ఏడాది వానలు పూర్తిగా ఎగబెట్టినప్పుడు అన్న మా అమ్మకు మాట మాత్రం చెప్పకుండా ఇంట్లో ఉన్న జత ఎద్దులను సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. అమ్మ ఆ రోజు ముద్ద ముట్టలేదు. నా కథ అదే. పేర్లు లేవు గానీ అన్న ఉన్నాడు, అమ్మ ఉంది, ఎద్దులేవని అడిగే చెల్లెలు ఉంది. మా ఊళ్లో ఎవరు చదివినా రెండో పేజీకల్లా గుర్తుపడతారు. అన్న పుస్తకాలు చదివే రకం కాదని ధైర్యంగా రాశాను. ఎదురుగా కూర్చుని వింటాడని అనుకోలేదు.

మా అన్న కొట్టే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. కోపం వస్తే మాట్లాడడం మానేస్తాడు. గట్టు తగాదాలో పక్క చేనాయనతో మాట మానేసి, ఆయన చనిపోతే దహనానికి పోయి కట్టెలు మోశాడు గానీ ఆ ఇంటివాళ్లతో ఒక్క మాట ఆడలేదు. నన్ను నర్సు ట్రైనింగుకు తీసుకుపోయి చేర్పించింది ఆయనే. ఆయన మాట్లాడకపోతే నాకు పుట్టిల్లు లేనట్టే.

భాయ్‌ను అడిగాను. కథలో అన్న అని ఉన్నచోటల్లా చిన్నాయన అని మార్చగలమా అని. మా నాయనకు తమ్ముళ్లు లేరు. అది ఎవరి మీదికీ పోదని నా లెక్క. భాయ్ గడియారం చూశాడు. ఆ రోజు శుక్రవారం. మార్చవచ్చు గానీ ఒక్కొక్కటే చూసి మార్చాలని, ఇప్పుడు టైము లేదని, ప్రెస్సువాళ్లు సాయంత్రానికి ప్లేట్లు చేయాలని కూర్చున్నారని చెప్పాడు. నమాజుకు పోయి వచ్చి ప్రింటు తీస్తానని, అంతవరకు ఏదీ ముట్టుకోవద్దని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను ముట్టుకున్నాను.

ఆయన ఒక మాట వెతికి ఇంకో మాట పెట్టడం నేను పక్కన కూర్చుని చాలాసార్లు చూశాను. ఒక చిన్న డబ్బా తెరుచుకుంటుంది. పై గదిలో పాత మాట, కింది గదిలో కొత్త మాట. చూస్తే సులభంగానే ఉండేది. మౌసు పట్టుకుంటే బాణం ఎటో పోయింది. బల్ల అంచు దాకా జరిపాను, ఇంకా జరపాల్సి వచ్చింది. కింద పడుతుందేమోనని రెండో చెయ్యి అడ్డం పెట్టి జరిపాను. కాసేపటికి తెలిసింది, ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని.

కథలో అన్న అన్న మాట మీద నలుపు పరిచి, డబ్బా తెరిచి పై గదిలో దించాను. అక్కడ తెలుగు కనబడలేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కలగలిపిన గజిబిజి వచ్చింది. ఆ రోజుల్లో తెలుగు అక్షరం లోపల అట్లాగే ఉండేది, పైకి మాత్రమే తెలుగు. చిన్నాయన కూడా అదే రకం గజిబిజిగా దిగింది. రెండు గజిబిజులు ఒకదాని కింద ఒకటి. ఏది అన్నో, ఏది చిన్నాయనో నేను పెట్టాను గనుక నాకు తెలుసు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల కింద ఉన్న బ్యాటరీ పెట్టె కీచుకీచుమని మొదలుపెట్టింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా భాయ్ చేస్తున్న పని వదిలి ఫైలు దాచుకోవడానికి పరిగెత్తడం నాకు తెలుసు. బ్యాటరీ ఆరిపోతే ఫైలు మొత్తం పోతుందేమో, పుస్తకం మొత్తం పోతుందేమో. ఒక్కొక్కటే మార్చడానికి ఒక మీట ఉంది, అన్నీ ఒకేసారి మార్చడానికి ఇంకొకటి ఉంది. నాకు వ్యవధి లేదు. అన్నీ మార్చే మీట నొక్కాను. తెర ఒకసారి వణికింది. పేజీలో చూస్తే అన్న పోయి చిన్నాయన నిలబడి ఉన్నాడు. దాచే మీట కూడా నొక్కాను. డబ్బా మూసి, కుర్చీలో వెనక్కి వచ్చి, ప్రూఫు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

భాయ్ వచ్చేసరికి కరెంటు కూడా వచ్చింది. ఆయన తెర చూసి, చివరి కథ చివరి పంక్తులు పేజీ దాటి కిందికి జారాయని గొణుక్కున్నాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇట్లా అవుతుందా అని తనలో తానే అనుకున్నాడు. నేను ఫ్యాను వైపు చూస్తున్నాను. ఆయన అక్షరాల సైజు కాస్త తగ్గించి, జారిన పంక్తులు పైకి తెచ్చి, ప్రింటు తీసి సైకిలు మీద ప్రెస్సుకు పోయాడు.

ఆదివారం ఒక బడి గదిలో సభ. ప్రెస్సు నుంచి కట్టలు నేరుగా అక్కడికే వచ్చాయి. జనం వస్తున్నారు. నేను ఒక మూలకు పోయి కట్ట విప్పి, పైన ఉన్న ప్రతి తీసి వాసన చూసి, మధ్యలో ఎక్కడో తెరిచాను.

"ఆకలేస్తోంది, చిన్నాయనం పెట్టమ్మా" అని ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. పేజీ తిప్పాను. "చిన్నాయనదమ్ములు ఇద్దరూ విడిపోయారు." ఇంకో పేజీ. "వస్తాడో రాడో చిన్నాయనట్టు చూసింది." ఇంకో కథలో పెళ్లికి వచ్చినవాళ్లంతా వరుసగా కూర్చుని కడుపునిండా చిన్నాయనం తిన్నారు. నేను మొదటి కథకే అనుకున్నాను గానీ, ఆ మీట పుస్తకం మొత్తానికట. అన్న అన్న మాట తెలుగులో ఎన్ని మాటల మొదట్లో కూర్చుని ఉంటుందో రాసేదాన్ని నాకే తట్టలేదు. దీర్ఘం ఉన్నచోట మాత్రం అది ముట్టలేదు. దీర్ఘానికి అక్షరం వేరట, భాయ్ తర్వాత చెప్పాడు. అందుకని అన్నాడు, అన్నాను అన్నవన్నీ క్షేమంగా ఉన్నాయి. వాటితో పాటు ఇంకొకటి కూడా ఉంది. మొదటి కథలో చెల్లెలు పిలిచే పిలుపు.

తలెత్తితే అన్న గుమ్మంలో ఉన్నాడు. ఉతికిన తెల్ల పంచె, భుజాన కొత్త టవలు. నన్ను చూసి తల ఊపి, చెప్పిన మాట ప్రకారం ముందు వరసలో నడిమి కుర్చీలో కూర్చున్నాడు.

పుస్తకం ఆవిష్కరించడానికి ఒప్పుకున్న పెద్దాయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయన దగ్గరికి పోయి, రెండో కథ చదవండి సార్ అని బతిమాలాను. అది వానకోసం ఎదురుచూసే ఒక ముసలామె కథ. అందులో తిండి ఊసు తక్కువ. ఆయన చిరునవ్వు నవ్వి, రాతప్రతి చదివినప్పుడే గుర్తు పెట్టుకున్నానని, మొదటి కథే పుస్తకానికి ప్రాణమని, అదే చదువుతానని చెప్పాడు. అచ్చులో చిన్న పొరపాట్లు ఉన్నాయి అని నేను గొణిగింది మైకు సవరించేవాళ్ల గోలలో ఆయనకు వినపడలేదు.

ఆయన కథ తెరిచి గొంతు సవరించుకుని, బాగా నిదానంగా, పాఠం చెప్పినట్టు చదివాడు.

"చిన్నాయన ఎద్దులను తోలుకుపోయిన రోజు అమ్మ చిన్నాయనం ముట్టలేదు."

గదిలో ఎవరో నవ్వారు. ఆయన ఆగి, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని తర్వాతి పంక్తికి పోయాడు.

"'అన్నా, ఎద్దులు యాడ?' అని అడిగితే చిన్నాయన పలకలేదు."

ఈసారి అందరూ నవ్వారు. నేను అన్న ముఖం చూస్తున్నాను. ఆయన నవ్వలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, హెడ్మాస్టరు చేతిలోని పుస్తకాన్ని చూస్తున్నాడు. హెడ్మాస్టరు పరువు తెలిసిన మనిషి. పుస్తకం మూసి, కథను తన మాటల్లో చెప్పి ముగించాడు. అందులో ఎద్దులు అమ్మినవాణ్ని అన్న అనే చెప్పాడు. రాతప్రతిలో అట్లాగే చదివాడు మరి.

సభ అయ్యాక అన్న ఒక పుస్తకం తీసుకుని టవల్లో చుట్టుకున్నాడు. బస్టాండుదాకా ఇద్దరం నడిచాం. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, కంప్యూటరు గురించి, కరెంటు గురించి. ఆయన ఊ కొట్టలేదు. గుత్తి బస్సు రాగానే ఎక్కి కూర్చున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డాను. బస్సు కదిలేదాకా ఆయన ముందు సీటు వైపే చూశాడు.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో. పుస్తకాల కట్టలు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి, వాటి వైపు చూడలేదు. భాయ్ దగ్గరికి పోయి జరిగింది చెప్పేశాను. ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత, తన పేరు పుస్తకం వెనక ఉంది కదా, దాన్ని కూడా ఏమైనా చేశానా అని అడిగాడు. లేదని చూపించాను. సభలో కొన్నవాళ్లలో ఒకాయన నాకు కార్డు రాశాడు. కథలు నచ్చాయని, చిన్నాయనం అంటే మీ వైపు కొర్రలతో చేస్తారా, ఆరికలతో చేస్తారా అని అడిగాడు. ఇంకొకప్పుడైతే పగలబడి నవ్వి ఉండేదాన్ని. ఊరి నుంచి ఎవరొచ్చినా అన్న ఏమైనా అన్నాడా అని అడిగేదాన్ని. ఏమీ అనలేదని చెప్పేవాళ్లు. నేను భయపడింది దానికే.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే టీకా కోసం ఎవరో వచ్చారనుకున్నాను. అన్న. టవల్లో చుట్టిన పుస్తకం అట్లాగే ఉంది. లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, నీళ్లు తాగాడు. పుస్తకం తీసి ముందు పెట్టాడు. అంచులు మాసిపోయి ఉన్నాయి. ఐదో తరగతి చదివిన మనిషి, కూడబలుక్కుని మొత్తం చదివాడని తెలుస్తూనే ఉంది.

"ఎద్దుల్ని అమ్మింది నేను. లేని చిన్నాయన్ని యాడ నుంచి పట్టుకొచ్చినావు?" అన్నాడు.

నువ్వు మాట్లాడడం మానేస్తావని భయపడ్డానన్నాను.

"ఇన్నాళ్లూ మాట్లాడకుండా ఉండింది దానిక్కాదు." పుస్తకం మీద వేలు పెట్టాడు. "అమ్మ తినలేదని రాసినావు. బాగుండాది. ఆ రోజు నేను తిన్న్యానా? సంతలో ఒగాయప్ప బోండాలు ఇప్పిస్తే ఆడనే పెట్టి వచ్చినా. అది రాయలేదే."

నాకు తెలియదు అన్నాను. అది నిజం. ఆ రోజు అన్న తిన్నాడో లేదో నేను చూడలేదు. అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను.

"అడిగింటే చెప్తుంటిని గదా" అన్నాడు.  ఆ తర్వాత ఆయనే, మిగతా పుస్తకాలు యాడ పెట్టినావని అడిగాడు.

మంచం కింది నుంచి కట్టలు లాగాం. చేయాల్సింది ఒకటే, చిన్నాయన కనపడిన చోటల్లా కొట్టేసి పైన అన్న అని రాయడం. తలా ఒక పెన్ను పట్టుకుని కూర్చున్నాం. అన్న అక్షరాలు గుండ్రంగా, నా రాతకంటే పొందికగా ఉన్నాయి. పొద్దు వాలేదాకా దిద్దాం. ఆయన మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. మధ్యలో ఎప్పుడైనా "చిన్నాయనం" గట్టిగా చదివి, పెదవి బిగబట్టి, మళ్లీ తల వంచుకునేవాడు.

అంతా అయ్యాక ఆయన దిద్దినవాటిలో ఒకటి తీసి చూశాను. మూడో కథలో నేను మొదటినుంచీ చిన్నాయన అనే రాసుకున్న మనిషి ఒకడు ఉన్నాడు, చెరుకు బండి తోలేవాడు. అన్న ఆయన్ని కూడా కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో అన్నను చేశాడు. ఆయన దిద్దిన ప్రతి పుస్తకంలోనూ అంతే. దాన్ని అట్లాగే ఉండనిచ్చాను. కట్టలు మళ్లీ కట్టి, పుస్తకాల షాపుల్లో అమ్మకానికి ఇద్దామని మరుసటి వారం అనంతపురం బస్సులో వేసుకుపోయాను.