ఖిదిర్‌పూర్ బడిలో క్రేన్ పాఠం

వినపడని పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతానంటే మా బంధువుల్లో చాలామంది నన్ను జాలిగా చూస్తారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లుమంట. కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని మా చిన్న బడిలో పిల్లలకు జాలితో పనిలేదు, నేర్చుకునేది కళ్లకు కనపడితే చాలు.

అందుకే శనివారాలు ఎవరో ఒకరి అమ్మనో నాన్ననో పిలిచి, వాళ్లు రోజూ చేసే పని క్లాసులో చేసి చూపించమంటాను. పిల్లలు ముందు చూస్తారు, తర్వాత దాన్ని సైగల్లో చెప్పుకుంటారు, ఆ తర్వాతే నేను బోర్డు మీద ఇంగ్లీషు మాట రాస్తాను. ఒకావిడ లూచీలు, అదే బెంగాలీల మైదా పూరీలు, వత్తి చూపించిన రోజు మాకు పాఠంతో పాటు ఫలహారం కూడా దొరికింది.

ఆ సంవత్సరం ఆరో క్లాసులో మన తెలుగుపిల్ల ఒకతె ఉండేది. వాళ్ల నాన్నది శ్రీకాకుళం వైపు. ఓడల డాక్‌లో పని, పక్కనే వాట్‌గంజ్‌లో కాపురం. దుర్గాపూజ సెలవుల ముందు ఆయన నా దగ్గరకొచ్చి పిల్లను మా బడి మాన్పించేస్తానన్నాడు. సైగలు లేకుండా నోటితోనే మాట్లాడించే బడి ఇంకొకటి ఉందని ఎవరో చెప్పారట.

"ఈ సేతులాట మాకొద్దమ్మా. బస్సులో అందరూ మమ్మల్నే సూస్తన్నారు. ఇంగిలీసంటే నోటితో మాటాడాల గానీ సేతుల్తో ఏటి?"

నాకు కోపం నషాళానికంటింది. ఆ పిల్లకు చెవి మిషన్ పెట్టినా మాటలు సరిగ్గా అందవు. మా దగ్గరకు వచ్చినప్పుడు ఏ భాషా లేదు. ఇప్పుడు సైగల్లో కబుర్లాపదు, ఇంగ్లీషులో చిన్నచిన్న వాక్యాలు రాస్తోంది. తీసుకుపోతే ఆ రెండూ పోతాయని నా భయం. కానీ నేను అరిస్తే ఆయన ఆ రోజే తీసుకుపోతాడు. గొంతు తగ్గించి, "మాన్పించే ముందు ఒక్క శనివారం వచ్చి మీ పని చూపించండి," అన్నాను.

వచ్చాడు. పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నానేటి సూపిత్తానమ్మా? కిందనుంచి కిరేనోడికి సిగ్నలిత్తాను, అంతే. ఆ గోలలో అరిసినా ఆడికి ఇనపడదు."

అదే చూపించమన్నాను. చూపుడువేలు పైకెత్తి గిర్రున తిప్పాడు, సరుకు లేపమని. వేలు కిందికి పెట్టి తిప్పాడు, దించమని. అరచెయ్యి బోర్లించి అడ్డంగా ఊపాడు, ఆపమని.

పిల్లలు ఇట్టే పట్టేశారు. ఒకడు బెంచీ ఎక్కి క్రేనైపోయాడు, తాడు కట్టిన బడిసంచీ సరుకైంది. ఆయన వేలు తిప్పితే సంచీ లేచింది, చెయ్యి ఊపితే ఆగింది. నేను బోర్డు మీద రైజ్, లోయర్, స్టాప్ రాస్తూ పోయాను. కాసేపటికి ఆయన నన్ను మరిచేపోయాడు. సంచీ ఊగితే ఆ పిల్లాణ్ని సైగల్తోనే కోప్పడ్డాడు. వాడు సైగల్తోనే ఎదురు చెప్పాడు.

చివర్లో ఎప్పట్లాగే, చూసినదాని మీద ఒక వాక్యం రాయమన్నాను. ఆయన కూతురే ముందు లేచి బోర్డు మీద ఇంగ్లీషులో రాసి, నాన్నవైపు తిరిగి నిలబడింది.

"ఏటి రాసిందమ్మా నా గుంట?"

"మా నాన్న చేతులతో మాట్లాడతాడు, క్రేన్ వింటుంది, అని రాసింది."

ఆయన తనకు రాని ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

"దీన్నిక్కడే ఉండనీండి," అన్నాడు చివరికి. "మరి నా కూతురు అనీసి సేతుల్తో ఎలగ సెప్పాలమ్మా?"

నేను చూపించలేదు. ఆ ప్రశ్నను సైగల్లో కూతురికి అందించాను. ఆ పిల్ల వెళ్లి నాన్న చేతులు పట్టుకుని నేర్పింది.