తిరిగొచ్చిన పుస్తకాలు

చనిపోయిన నా స్నేహితుడికీ నాకూ మధ్య ఒక పద్ధతి ఉండేది. పుస్తకం తిరిగిచ్చినవాడు ఇంకొకటి తీసుకోకుండా వెళ్ళకూడదు. అతను అడవి అంచున ఒక ఊళ్ళో టీచరు. నెలకోసారి బస్సులో ఖమ్మం వచ్చి, మా అల్మారా ముందు గంటసేపు నిలబడేవాడు.

ఆ వానాకాలం దవాఖానా నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఏళ్ళ కిందట తీసుకున్నవి కూడా అట్టలు వేసి తెచ్చాడు. అల్మారా వైపు చూడలేదు.

"ఏందిరా, నా పుస్తకాలు మొహం మొత్తినయా?" అన్నాను.

"తీస్కపోతే మళ్ళ తెచ్చియ్యాలె గదరా," అన్నాడు.

డాక్టరు ఏమన్నాడని అడగడానికి ధైర్యం చాలలేదు. లావుపాటి నవల ఒకటి అతని సంచిలో పెట్టాను. అది ఇవ్వడానికైనా మళ్ళీ వస్తాడనుకున్నాను.

అతను వీధి మలుపు తిరిగాక గేటు వేయడానికి వెళ్ళాను. నవల అరుగు మీద ఉంది. తుంపర తగలకుండా గోడవైపు జరిపి పెట్టాడు.