వరి మడిలో మామిడి తోట

మా నాయిన చేసిన నేరమల్లా అడిగినప్పుడు నిజం చెప్పడం. దానికి మా సంఘం ఆయనకు వేసిన శిక్ష తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. సంఘం అంటే మా ఊరి చర్చి, అక్కడ కూడే పాతిక ఇళ్ల వాళ్లు. ఊరు మహదేవపూర్ దగ్గర ఓ పల్లె. నేను నాయినకు కూతుర్ని, జనగామలో బట్టల దుకాణంలో పనిచేస్తాను. వీలు చిక్కినప్పుడల్లా బస్సెక్కి ఆయన దగ్గరికి పోయి వస్తుంటాను.

ఆ సంఘం ఆయనకు ఏమవుతుందో ముందు చెప్పాలి. నాయిన బాప్తిస్మం తీసుకున్నాక తోడబుట్టిన వాళ్లు రాకపోకలు మానేశారు. పెళ్లికి పిలవలేదు, చావుకు రాలేదు. అమ్మ పోయినప్పుడు గొయ్యి తవ్వింది, పెట్టె మోసింది సంఘం వాళ్లే. అందరికంటే ముందు భుజం పెట్టింది సంఘ పెద్ద. ఆయన పొలానికీ మా పొలానికీ గట్టు ఒక్కటే. నాయిన ఆయన్ని తమ్ముడనే పిలిచేవాడు, తమ్ముడిలాగే చూసుకున్నాడు. వీళ్లు కాదంటే ఆయనకు ఇంకెవరూ లేరు.

మా వైపు కాలువ కోసం భూములు తీసుకుంటారని తెలిసింది. వరి పొలానికి వచ్చే పరిహారం కన్నా పండ్ల తోటకు ఎక్కువ వస్తుందని, చెట్టు చెట్టుకూ లెక్క కడతారని ఎవరో చెప్పారు. అంతే, సంఘ పెద్ద నర్సరీ నుంచి లారీ నిండా మామిడి మొక్కలు తెప్పించాడు. పాతవిలా కనిపించాలని మనిషెత్తు పెరిగినవి ఏరి మరీ తెచ్చాడు. వరి కోసిన కొయ్యకాళ్లు ఇంకా మడిలోనే ఉన్నాయి, వాటి మధ్య మామిడి తోట. నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయన్ని చూసి సంఘంలో ఇంకో నాలుగు కుటుంబాలు అప్పు చేసి నాటాయి.

నేను ఊళ్లో ఉన్నప్పుడే ఆయన మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, సగం లారీ మిగిలింది. నీ మడిల గూడ దించుత. సర్వే సార్లు వచ్చెలోపల పెట్టేద్దాం."

"మన మళ్లల్ల ఎన్నడన్న మామిడి ఉండెనా తమ్మీ?" అన్నాడు నాయిన.

"గిది సర్కారు పైస. మనం ఎవని నోట్ల మన్ను కొడుతలేం. ఇన్నేండ్లు ప్రార్థన చేసినం, ఇప్పుడు దేవుడు తలుపు తెరిసిండు. నువ్వు మూసుకుంటనంటే ఎట్ల?"

నాకు నోరు ఆగలేదు. "దేవుడేమన్న లారీ క్లీనరా చిన్నాయినా, నీకు తలుపు తెరిసెటందుకు?" అన్నాను.

నాయిన నన్ను కళ్లతోనే ఆపాడు. "మనం అడిగింది ఏ పూటకాపూట బువ్వ. గది పెడుతనే ఉన్నడు. నాకొద్దు తమ్మీ. నీ పొలం నీ ఇష్టం" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సర్వేకు వచ్చిన అధికారికి ఆ కొయ్యకాళ్లు చూసి అనుమానం వచ్చింది. పక్క పొలం రైతు సాక్ష్యం చెబితేనే తోట అని రాస్తానన్నాడు. ఆ అయిదు పొలాల పక్కన మొక్కలు నాటని రైతు మా నాయినొక్కడే. ఆ కబురు విని నేను సెలవు పెట్టి వచ్చేసరికి అయిదు కుటుంబాలూ మా వాకిట్లో కూర్చుని ఉన్నాయి. తోట మూడేళ్ల నాటిదని ఒక్క మాట చెప్పమని బతిమాలారు, తర్వాత బెదిరించారు. చివరికి సంఘ పెద్ద లేచి, "వదినె శవాన్ని ఎవరు మోసిన్రో జర యాది చేసుకో అన్నా" అన్నాడు. అమ్మను మోసిన భుజానికి కూలి అడిగాడు ఆ మనిషి. ఆ మాటను నేను ఇంకా క్షమించలేదు.

మరునాడు పొలంలో అందరి ముందూ అధికారి అడిగాడు. నాయిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మొన్ననే పెట్టిన్రు సారు. గీ మళ్లల్ల వరే పండుతది."

అయిదు పొలాలనూ వరి కిందే రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

మా దగ్గర నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. తోటి విశ్వాసితో మనస్పర్థ ఉన్నవాళ్లు ముందు సమాధానపడాలి, తర్వాతే చెయ్యి చాపాలి. మంచి నియమమే. దాన్నే తెచ్చి మా నాయిన మెడకు చుట్టారు. సహోదరులకు నష్టం చేశాడట, వాళ్లను క్షమాపణ అడిగేదాకా ఆయనకు రొట్టె లేదట. భూపాలపల్లి నుంచి వచ్చే పాస్టరుగారికి సంగతంతా తెలుసు. కానీ చర్చికి కొత్త రేకులు వేయిస్తానన్నది సంఘ పెద్ద. పాస్టరుగారు తల దించుకుని బైబిలు తిరగేస్తూ కూర్చున్నారు.

"మీకు నష్టమైంది, నాకు బాధనే" అన్నాడు నాయిన లేచి. "గని అబద్ధం చెప్పనందుకు మాఫీ ఎట్ల అడగాలె?"

అబద్ధం చెప్పమన్న చేతులు రొట్టె పట్టుకోవచ్చు, చెప్పనన్న చేతులు పట్టుకోకూడదు. ఇదేం న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నాయిన తనకొచ్చిన పరిహారంతో ఊరి అవతల రాళ్ల చెల్క కొన్నాడు. వాన పడితేనే పంట పండే మెట్ట నేల అది. రోజూ పొద్దున్నే గంపలో రాళ్లు ఏరి గట్టున పోస్తాడు. ఎప్పటికి బాగవుతుందని అడిగితే, "అయితది తియ్యి, తొందరేమున్నది" అంటాడు.

ఆ మధ్య ఓ నెల మొదటి ఆదివారం నేనూ చర్చికి పోయాను. పళ్లెం పట్టుకుని తిరిగేది సంఘ పెద్దే. మగవాళ్ల వరుసలో ఒక్కొక్కరి ముందూ వంగాడు. నాయిన దగ్గరికి రాగానే వంగకుండా ముందుకు నడిచాడు. నాయిన చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ పళ్లెమే ఆడవాళ్ల వైపు తిరిగి నా ముందుకు వచ్చింది.

"మా నాయినకు లేని రొట్టె నాకెందుకు? తీస్కపో" అన్నాను. గట్టిగానే అన్నాను. పాట ఆగిపోయింది.

అవతలి వరుసలోంచి నాయిన గొంతు వినిపించింది. "తీసుకో బిడ్డా. గా రొట్టె ఆయనది కాదు."

సంఘ పెద్ద మొహం నల్లబడింది. నేను తీసుకున్నాను కానీ నోట్లో పెట్టుకోలేదు, పిడికిట్లో దాచుకున్నాను. ఆరాధన అయిపోయి అందరూ వెళ్లాక, చర్చి గోడ పక్కన చెప్పులు వేసుకుంటున్న నాయిన దగ్గరికి పోయి దాన్ని రెండుగా తుంచి సగం ఇవ్వబోయాను. ఆయన కళ్లలో నీళ్లు నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఆరోజే చూశాను.

"సాటుంగ ఒద్దు బిడ్డా. అందరికి పెట్టినట్టు పెడితె తింట."

"వీళ్లు ఎప్పుడు పెడతరు నాయినా?"

"పెట్టెదాక వచ్చి కూసుంట."

అన్నట్టుగానే ఆ పై నెలా పోయాడు, ఆ తర్వాతి నెలా పోయాడు. ఇంకా పెట్టలేదు.