డబ్బా ముందు కూర్చున్న కోడి

నా చిన్నప్పుడు, యాభై అయిదేళ్ళ కిందట, కరోనా వచ్చిన తొలి ఏడాది, మేము సూరత్‌లో నవాగామ్‌లో ఒక వరస గదుల చాల్‌లో ఉండేవాళ్ళం. మా బాపు జోల్వాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. కోడికూర తింటే రోగం వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. కొనేవాళ్ళు లేకపోయారు. లాక్‌డౌన్ పడ్డాక దాణా లారీలూ రాలేదు. దాంతో జోల్వా దగ్గర ఒక ఫారం యజమాని కోళ్ళను అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేశాడు. సాంచాలు ఆగిపోయి ఇంటికి వస్తూ బాపు మూడింటిని సైకిల్‌కు కట్టుకొచ్చాడు. రెండింటిని వండుకు తిన్నాం. మూడోదాన్ని నేను పట్టుకుని వదల్లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, మొండిదాన్ని.

బాపు ఒక షరతు పెట్టాడు. కాళ్ళ మీద నిలబడగలిగినన్నాళ్ళే అది నాది, ఇక లేవలేని రోజు కూరలోకి. నాకు నవ్వొచ్చింది. కోడి నిలబడక ఏం చేస్తుంది?

తీరా చూస్తే అది లేపితే నిలబడేది గానీ తనంతట తాను లేచేది కాదు. తెల్లగా, బరువుగా, ఎప్పుడూ కూర్చునే ఉండేది. ఫారంలో రోజంతా దాణా ముందే పెడతారని బాపు చెప్పాడు. అందుకని నేనూ డబ్బాలో నూకలు పోసి దాని ముక్కు కిందే పెట్టేదాన్ని. అది మెడ వంచి తిని మళ్ళీ కళ్ళు మూసేది. ఎంత బాగా చూసుకుంటున్నానో అని మురిసిపోయాను. బియ్యం మాకే చాలీచాలని రోజులవి. అమ్మ నన్ను కొట్టకపోవడం ఆమె మంచితనం.

పక్కింటి పెద్దమ్మకు చాల్ వెనక ఖాళీ జాగాలో ఆరు నాటుకోళ్ళుండేవి. వాటికి ఆమె గింజ వేయగా నేను చూడలేదు. పాత కుండలో పేడ, తడిపిన గోనెముక్క కుక్కి నేలమీద బోర్లించేది. రెండు రోజులకు ఎత్తితే కింద చెదలు పట్టి ఉండేవి. కోళ్ళు ఎగబడేవి.

ఒక పొద్దున లేచేసరికి నా డబ్బా లేదు. పెద్దమ్మ దాచేసింది. కోడిని ఎత్తుకుపోయి కుండకు నాలుగడుగుల దూరంలో దింపింది. నేను ఏడ్చాను, తిట్టాను కూడా.

"డబ్బా మూతికాడికి వచ్చినంత సేపు దానికి కాళ్ళున్నయని యాదికి రాదు బిడ్డా. జర ఓపిక పట్టు," అన్నది.

మొదటి రోజు కోడి కదల్లేదు. రెండో రోజు రెండడుగులు వేసి కూలబడి, మళ్ళీ లేచింది. మూడో రోజు నాటుకోళ్ళ మధ్యకు పోయి ఒక కాలితో మట్టిని గీరింది. ఏమీ దొరకలేదు. మళ్ళీ గీరింది. నేను చాల్ అంతా తిరిగి అందరికీ చెప్పొచ్చాను.

మూడు వారాలు అలా తిరిగింది. తర్వాత ఆ బరువు మోయలేక కాళ్ళు వంకరపోయాయి. బాపు షరతు ప్రకారమే చేశాడు. నేను తినలేదు. పెద్దమ్మ దగ్గరికి పోయి, నీ మాట నమ్మి మోసపోయానన్నాను.

"నెలన్నరల కూర కావాల్నని దాన్ని గట్ల పుట్టిచ్చిండ్రు. గా గీరుడు మాత్రం దాంట్ల నుంచి తీసెయ్యలేకపోయిండ్రు," అన్నది పెద్దమ్మ.

అయితే అందరూ నాటుకోళ్ళే పెంచుకోవచ్చు కదా అన్నాను.

"నా ఆరు కోళ్ళు చాల్ మొత్తానికి కూర పెడ్తయా? రోజూ ముక్క కావాల్నంటే ఫారమే దిక్కు. పండుగకు చాలనుకుంటే గీ జాగ చాలు."

ఇన్నేళ్ళయినా నేను మాంసం మానలేదు, అంత గొప్పదాన్ని కాను. తిరిగి మేసిన కోడి దొరికిన రోజే మా ఇంట్లో కూర, మిగతా రోజులు పప్పు. మనవలు గొణుగుతారు. వాళ్ళకు ఫారాల సంగతి చెప్పగలను గానీ, నా సంగతి చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఫారం యజమాని దాణా పోసి దానికి ఏం చేశాడో, నేను నూకలు పోసి ముద్దుగా అదే చేశాను.